విప్పకూడని మూట

మా వార్డు ఆఫీసులో బల్ల మీద పెద్ద డబ్బా పెట్టారు. ముఠాల్లో తిరిగేవాళ్లు తమ కత్తులను గుడ్డలో చుట్టి తెచ్చి ఇవ్వచ్చు. పేరు అడగం, మూట విప్పం. పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది నేనే. మూటలు అందుకునేదీ నేనే.

నాలుగోవాడిగా మా ఆఖరి తమ్ముడు వచ్చాడు. రెండేళ్లుగా నా ప్రార్థనంతా వాడి కోసమే.

"ఇదిగో అక్కా. నీ మీద ఒట్టు, ఇక వాళ్ల జోలికి పోను."

అందరూ చప్పట్లు కొట్టారు. వార్డు ఆఫీసరు కళ్లు తుడుచుకున్నాడు. "మీ మొర దేవుడు విన్నాడమ్మా!"

మూట అందుకోగానే, లోపల పిడికి నేనే చుట్టిన పురికొస నా వేళ్లకు తగిలింది.

వాడి వెనక ఇంకా ఏడుగురు మూటలతో నిలబడి నా చేతులనే చూస్తున్నారు. విప్పితే ఒక్కడూ ఆగడు. మూట డబ్బాలో వేసి, "తర్వాత ఎవరు నాయనా?" అన్నాను.

మధ్యాహ్నం తమ్ముడు హుషారుగా భోజనానికి కూర్చున్నాడు.

"ఇదేంటక్కా, ఉత్త అన్నమేనా? ఇంత మంచి రోజున కూరైనా చెయ్యలేదా?"

"కూరగాయలు తరిగే కత్తి లేదురా," అన్నాను. "పొద్దున నువ్వే ఇచ్చేశావుగా."