చిన్న దెబ్బ, పెద్ద దెబ్బ

బంతి గోల్‌లోకి వెళ్లేసరికి సిద్ధార్థ ఇంకా నేల మీదే ఉన్నాడు.

తుర్కయాంజాల్ జట్టు ఎగిరి గంతేసింది. మంచాల కెప్టెన్ కిరణ్ కుమార్ రెఫరీ దగ్గరికి పరుగెత్తాడు.

"మావోడు గోల్ కంటె ముందే పడ్డడు సార్. మీరు ఆట ఆపాలె. గోల్ చెల్లది!"

అప్పటిదాకా మంచాల ఒక్క గోల్ ముందుంది. ఆట అయిపోవచ్చింది. ఫైనల్ గెలిచిన జట్టు నుంచే జిల్లా జట్టుకు ఎంపిక. వచ్చే ఏడాదికి కిరణ్‌కు వయసు దాటిపోతుంది. ఇవాళ పోతే ఇక పోయినట్టే.

రెఫరీ భూపాల్ సారు ఇబ్రహీంపట్నంలో పీఈటీ. రూల్ అంటే సొంత తమ్ముడినైనా వదలడు.

"చిన్న దెబ్బకు ఆట ఆపొద్దు. పెద్ద దెబ్బయితే ఆపాలె. గిదేందో నేను జూసి చెప్త," అంటూ కదిలాడు.

ఏది చిన్నదో, ఏది పెద్దదో తేల్చాల్సింది రెఫరీయే. అదే కిరణ్‌కు చెమటలు పట్టిస్తోంది.

విరామంలో పథకం వేసింది అతనే. "ఆఖర్ల వాళ్లు మీదికొస్తే పడిపో. జర టైం పోతది," అని సిద్ధార్థకు చెప్పాడు. పడటం కూడా ఒక విద్యే. అందులో సిద్ధార్థకు సాటి లేరు. గాలి తగిలినా మూడు పల్టీలు కొడతాడు. వచ్చిన చిక్కల్లా వాడికి నవ్వు ఆగదు. సెమీఫైనల్‌లో అలాగే నవ్వి, ఇదే భూపాల్ సారు చేత పసుపు కార్డు తిన్నాడు.

కిరణ్ రెఫరీ కంటే ముందే చేరుకుని, ఎండ అనే వంకతో సిద్ధార్థ మొహం మీద తువ్వాలు కప్పాడు. "కదలకురా. నవ్వినవో, సంపుత," అని చెవిలో అన్నాడు.

"అంత నాటకం సార్! ఆన్ని ఎవ్వరు ముట్టుకోలే," అని అరిచాడు తుర్కయాంజాల్ కెప్టెన్ అజ్మల్. అంతటితో ఊరుకోక, వంగి సిద్ధార్థ చంకలో చక్కిలిగింతలు పెట్టాడు.

సిద్ధార్థ ఉలకలేదు, పలకలేదు. కిరణ్ మనసులోనే వాడికి దండం పెట్టుకున్నాడు.

సెమీఫైనల్ నవ్వు భూపాల్ సారుకూ గుర్తుంది. చక్కిలిగింతలు పెట్టినా నవ్వలేదంటే ఇది నాటకం కాదని తేల్చుకున్నాడు.

"పెద్ద దెబ్బే. ఆట ఆపకపోవుడు నాదే తప్పు. గోల్ లేదు. పిలగాన్ని దవాఖానకు తీస్కపోండ్రి."

"మేం జూస్కుంటం సార్," అన్నాడు కిరణ్, గొంతులో సంబరం బయటపడకుండా.

నలుగురు కలిసి మోసుకెళ్లి గీత బయట పడుకోబెట్టారు. "ఒళ్లంత ఇడిసిపెట్టిండు. ఏం యాక్టింగ్‌రా నాయినా," అని గొణిగాడు మోసినవాళ్లలో ఒకడైన ఎల్లేశ్. తక్కినవాళ్లు పళ్లు బిగించి నవ్వు ఆపుకున్నారు.

మిగిలిన ఆట ఎలాగో గట్టెక్కింది. ఆఖరి విజిల్ వినపడగానే కిరణ్ ఒక్క పరుగున వచ్చి సిద్ధార్థను వాటేసుకున్నాడు.

"గెలిచినం! లేరా ఇగ!"

సిద్ధార్థ పడిపోయింది గుండె ఆగిపోయి అని ఆ సాయంత్రం దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది.