రెండో టైరు

“ఫోను కింద పెట్టు,” అంది సీనియర్ హోస్టెస్.

విమానం అప్పుడే నేల వదిలింది. వెనక సీట్లో ఆమె పక్కనే బెల్టు కట్టుకుని కూర్చున్న కొత్త హోస్టెస్ చేతిలో కాక్‌పిట్ ఫోను ఉంది.

“టైరు పేలిందక్కా! కెప్టెన్‌గారికి చెప్పాలి.”

“నాకేం వినపడలేదే? నా చెవులేమన్నా అద్దెకిచ్చానా?”

“ఎడమవైపు, మన కిందేనక్కా. ముందు ఢామ్మంది, తర్వాత అదురు.”

సీనియర్‌కి ఒళ్లు మండింది. ఈ పిల్లకి కెప్టెన్‌తో మాట్లాడ్డానికి రోజుకో సాకు కావాలి. మొన్న కాలిన వాసనంది, నిన్న కాఫీ కావాలేమో అడుగుతానంది. ఆ కెప్టెన్ ఎవరో పరాయివాడైతే బాగానే ఉండేది. తన మొగుడాయె!

అయినా అనుమానించి ఇప్పటికే ఒకసారి భంగపడింది. పోయిన ఆదివారం ఆయన ఆలస్యంగా ఇంటికొచ్చి, “దారిలో కారు టైరు పేలింది, ఒక్కణ్నే మార్చుకున్నాను” అన్నాడు. “కథలు చెప్పకండి” అంటూ రాద్ధాంతం చేసి డిక్కీ తెరిపించింది. చీలికలైన టైరు నిజంగానే ఉంది. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

“అక్కా, తెలియకుండా దిగితే ఇంతమందీ...” అమ్మాయి గొంతు వణికింది.

అది నటన కాదు. సీనియర్ ఫోను లాక్కుంది.

“ఏమండీ, టైరు పేలిందట.”

“ఎవరన్నారు? మాకిక్కడ చిన్న కుదుపు కూడా లేదు. మీటర్లన్నీ సవ్యంగానే ఉన్నాయి.”

“మీ కొత్తమ్మాయి.” ‘మీ’ని కాస్త గట్టిగానే నొక్కింది.

కెప్టెన్ గొంతు మారింది. “తనందా? అయితే రన్‌వే చూడమంటాను.”

పెళ్లాం చెబితే ‘ఎవరన్నారు?’, ఆ పిల్ల చెబితే ‘అయితే’! సీనియర్ పళ్లు నూరింది.

కాసేపటికి కింద నుంచి కబురొచ్చింది. రన్‌వే నిండా రబ్బరు ముక్కలట. విమానం వెనక్కి తిరిగింది. ఫైరింజన్లు బారులు తీరాయి. కెప్టెన్ మొదట కుడి చక్రాలు ఆనించి, ఎడమవి ఆఖర్న మెల్లగా తాకించాడు. విమానం ఓ పక్కకి లాగి, ఊగి, ఆగింది. ఎవరి ఒంటిమీదా గీత పడలేదు.

మెట్లు దిగాక సీనియర్ అమ్మాయిని దగ్గరికి తీసుకుంది. “నిన్ను తప్పుగా అనుకున్నానమ్మా. మనసులో పెట్టుకోకు.”

చక్రం దగ్గర వంగి చూస్తున్న ఇంజనీరు తలెత్తాడు. “పైలట్లకే తెలియలేదు. ఆ హోరులో అది టైరని ఎలా పసిగట్టావమ్మా?”

మెట్లమీద కెప్టెన్ గట్టిగా దగ్గాడు. అమ్మాయి వినిపించుకోలేదు. మెప్పుకి మొహం వెలిగిపోతోంది.

“పోయిన ఆదివారం కారులోనూ ఇంతేనండీ. ముందు ఢామ్, తర్వాత అదురు. పాటలు పెట్టుకుని నడుపుతున్నారేమో, కెప్టెన్‌గారికి అప్పుడూ తెలియలేదు. నేనే చెప్పాను.”