ఎదురు కుర్చీలో మనిషి

తెర మీద ఎనిమిది గుండెలూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

నిజానికి ఆగింది గుండెలు కాదు, వాటిని చూపించే గీతలు. కానీ లోపల ఎవరి గుండె ఎలా ఉందో తెలియడానికి నర్సుకి ఆ తెరే దిక్కు. ఎనిమిది గదులకీ అద్దాల తలుపులు. లోపల మిషను ఎంత మొత్తుకున్నా బయటికి వినపడదు. తోడు నర్సు మందుల కోసం కిందికి వెళ్ళింది.

కాసేపటి నుంచీ గీతలు నత్తనడక నడుస్తూనే ఉన్నాయి. ఇప్పుడు కదలడమే మానేశాయి.

ఆమె తెర ఆపి మళ్ళీ ఆన్ చేసింది. కంప్యూటర్లు చూసే అతనికి ఫోన్ చేసింది.

"నెట్‌వర్క్ ఎక్కడో జామైంది సిస్టర్. ఒకసారి ఆపి ఆన్ చేయండి."

"చేశానయ్యా! ముందు నువ్వు రా, నీకు పుణ్యముంటుంది!"

ఒకటో గదిలోకి పరుగెత్తింది. పర్వాలేదు. రెండో గది, పర్వాలేదు. మూడో గదిలో ఉంటే ఒకటో గదిలో ఏమవుతోందోనని దడ.

బయటికి వచ్చేసరికి, నడవాలో ఒక మనిషి వైర్ల పెట్టెలో చెయ్యి పెట్టి కనిపించాడు. ఆమె డ్యూటీ ఎక్కినప్పటి నుంచీ ఎదురు కుర్చీలో కూర్చున్నవాడే. నలిగిన చొక్కా, ఎర్రబడ్డ కళ్ళు.

"ఏయ్! ఎవరు నువ్వు? ఏం పీకుతున్నావ్?"

"అది కాదమ్మా, ఈ వైరు ఇందాక..."

"ముట్టుకోకు! లోపల ఎనిమిది ప్రాణాలున్నాయి!"

"తెలుసమ్మా, అందుకే..."

అంటూనే వైరు లాగేశాడు.

నర్సు పెట్టిన కేకకి వాచ్‌మన్ పరుగున వచ్చాడు.

"గెంటు బయటికి! వీడే అంతా పాడుచేశాడు! నీవాళ్ళెవరైనా ఆ మంచం మీద ఉంటే తెలిసేది!"

ఆ మాటకి అతని చేతిలోంచి వైరు జారిపోయింది. రెక్క పట్టుకుని లాక్కుపోతుంటే తెర వైపే చూస్తూ వెళ్ళాడు.

గీతలు కదిలాయి. ఏడు బాగానే ఉన్నాయి. అయిదోది కిందికి జారిపోతోంది.

ఆమె అయిదో గదిలోకి ఉరికింది. డాక్టరు వచ్చాడు. మధ్యాహ్నమే చేరిన కుర్రాడు. అతని గుండె దారిలో పడేసరికి ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయ్యారు.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు," అన్నాడు డాక్టరు.

కంప్యూటర్లు చూసే అతను ఈలోగా వచ్చి వైర్ల పెట్టె ముందు కూర్చున్నాడు.

"ఈ ఊడిన వైరు రెండో కొస కూడా ఇందులోనే ఉంది సిస్టర్. రెండు కొసలూ ఒకే పెట్టెలో దోపితే పంపిన సమాచారమే మళ్ళీ మళ్ళీ తిరిగి దారంతా కిక్కిరిసిపోతుంది. ఎవరో లాగేశారు కాబట్టి గట్టెక్కాం. అసలు పెట్టిన మహానుభావుడెవరో!"

నర్సు ఆ వైరుని గుర్తుపట్టింది. ఇందాక పెద్ద డాక్టరు వస్తున్నారని, వేలాడుతున్న వైరు అసహ్యంగా ఉందని, ఖాళీ కన్నం చూసి దోపింది తనే. ఎదురు కుర్చీలోంచి అతను చూసే ఉంటాడు. అదే చెప్పబోయాడు.

గేటు దాకా పరుగెత్తింది.

"ఇందాకటాయన ఏడీ?"

"ఇప్పుడే వ్యానెక్కి వెళ్ళిపోయాడు సిస్టర్."

"ఎవరి తాలూకు?"

"అయిదో బెడ్ అన్నాడు."

"ఆ కుర్రాడికి వాళ్ళమ్మ తప్ప ఎవరూ లేరే!"

వాచ్‌మన్ తల దించుకున్నాడు.

"కుర్రాడి తాలూకు కాదు సిస్టర్. శవాన్ని అప్పగించేదాకా ఆ కుర్చీలోనే కూర్చోమన్నారట, ఇప్పుడే వ్యానులో పెట్టి ఇచ్చారు... పొద్దున అదే బెడ్ మీద పోయినావిడ ఆయన భార్య."