మూడో కౌంటరు చిటపటమ్మ

ఆ తల్లికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: తెలియక పాప నోట్లో పెట్టకూడనిదేదైనా పెట్టేస్తానేమోనని.

చదువు అయిదో తరగతితో ఆగింది. పాలపొడి డబ్బా అడుగున అంకెలు చీమల బారులా ఉంటాయి. చదవడం వచ్చు గానీ వాటిలో ఏది తయారైన రోజో, ఏది గడువు తీరే రోజో తెలియదు. అడిగితే నవ్వుతారని అడగదు.

అందుకే పాప పాలపొడి పెద్ద సూపర్‌మార్కెట్‌లోనే కొంటుంది. అంత పెద్ద దుకాణంవాళ్ళు పాడైంది అమ్ముతారా అని ధైర్యం.

ధైర్యమంతా మూడో కౌంటరు దాకానే. మొదటి రెండు కౌంటర్లూ ఎప్పుడు చూసినా మూసే ఉంటాయి. మూడోదాంట్లో కూర్చునే పెద్దావిడకు జనం పెట్టిన పేరు చిటపటమ్మ.

"ఏమ్మా, ఈ డబ్బా ఎక్కడ తీశావ్?"

"ముందు వరసలోనండీ."

"ముందున్నదే పట్టుకొచ్చేస్తావా? చెయ్యి చాపితే అరిగిపోతుందా? వెళ్ళి వెనకాల ఉన్నది తీసుకురా."

"రెండూ ఒకటేగా అండీ?"

"ఒకటే అయితే ఇంకేం బాధ? నడు నడు. పాపని ఆ చంకకి మార్చు, ఈ పక్కకి ఒరిగిపోయావ్."

వెనక నిలబడ్డ బొద్దాయన చేతిలోని బ్రెడ్డు ఊపాడు.

"నన్నూ రెండుసార్లు తిప్పిందమ్మా. డాక్టరు మొత్తుకున్నా నడవనివాణ్ణి, ఈవిడ పుణ్యమా అని నడుస్తున్నా."

వరసంతా గొల్లుమంది. చిటపటమ్మ వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డ మేనేజరు కూడా నవ్వాడు. తల్లి ముఖం కందగడ్డయింది.

రెండూ ఒకటే అనుకుని చేతికందిందే తెస్తుంది, ప్రతిసారీ ఇదే తంతు.

"నోట్లో నాలుక లేదా నీకు? నేనైతే కడిగేసేదాన్ని" అంది ఇంట్లో అత్తగారు, సంగతి విని.

"ఆవిడ ముందు మీరు కూడా ఆనరు అత్తయ్యా."

"అలాగా! అయితే ఒకసారి నన్ను తీసుకెళ్ళు" అంది అత్తగారు, పోటీకి పేరిచ్చినట్టు.

ఆ పోటీ జరగకముందే కౌంటరు చివర కొత్తగా ఓ యంత్రం వెలిసింది. పచ్చగా నవ్వే ముఖం ఒకటి, ఎర్రగా ఏడ్చే ముఖం ఒకటి. మా సేవ నచ్చితే అది నొక్కండి, నచ్చకపోతే ఇది.

ఆ రోజు చిటపటమ్మ డబ్బా మార్పించడమే కాక, "వచ్చేసారైనా బుర్ర ఇంట్లో పెట్టి రాకు" అని కూడా అంది.

తల్లి కళ్ళనీళ్ళు మింగుకుని ఏడుపు ముఖం నొక్కింది.

టింగ్ మంది.

పది నెలల పాపకు ఆ చప్పుడు తెగ నచ్చింది. చంకలోంచి వంగి తనూ అదే ముఖాన్ని కొట్టింది. టింగ్. కిలకిలా నవ్వి మళ్ళీ కొట్టింది. టింగ్, టింగ్, టింగ్.

తల్లి ఆపవచ్చు. ఆపబుద్ధి కాలేదు.

తర్వాత వెళ్ళేసరికి మూడో కౌంటర్లో కొత్తమ్మాయి.

"రండి మేడం! పాప ఎంత ముద్దొస్తోందో!"

డబ్బా ఒక్క క్షణంలో సంచిలో పడింది. తననెవరైనా మేడం అనడం తల్లికి అదే మొదలు. ఇంటిదాకా నేల మీద నడవలేదు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని డబ్బా మూత తీయబోయి ఆగింది.

"అమ్మాయ్, దీని గడువు తీరి రెండు నెలలైందే!"

తల్లి అటక కేసి చూసింది. "మరి ఇన్నాళ్ళూ పట్టినవో?"

పప్పులు పోసుకున్న పాత డబ్బాలన్నీ అటక మీద నుంచి దించారు. అత్తగారు ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. ఒక్కదానికీ గడువు దాటలేదు. నాలుగు నెలల కిందట ఖాళీ అయిన డబ్బాకు కూడా ఇంకా దాటలేదు.

తల్లి పాపనెత్తుకుని దుకాణానికి పరుగెత్తింది.

గుమ్మం దగ్గర సంచులు చూసే కాపలా ఆయన ఉన్నాడు.

"ఆ పెద్దావిడ ఏరీ బాబాయ్?"

"తీసేశారమ్మా. ఒక్కపూటలో పంతొమ్మిదిమంది ఏడుపు ముఖం నొక్కారట."

తల్లి తిన్నగా మేనేజరు ముందుకు వెళ్ళింది. జీవితంలో మొదటిసారి గొంతు పెంచింది.

"ఆ పంతొమ్మిదీ మావేనండీ! ఒకటి నేను, మిగతావన్నీ మా పాప!"

మేనేజరు పాపను ఎగాదిగా చూశాడు.

"కస్టమర్ కస్టమరేనమ్మా. మెషీను అబద్ధం చెప్పదు."

బయటికొచ్చి మెట్టు మీద కూలబడింది. కాపలా ఆయన గొంతు తగ్గించాడు.

"పాత సరుకు ముందు పెట్టి అమ్మేయాలని మేనేజరు ఆర్డరు. గడువు సంగతి నోరు జారితే ఉద్యోగం ఉండదన్నాడు. పొద్దస్తమానం ఆవిడ వీపుకి అంటుకుని నిలబడింది అందుకే."

"అయితే మాత్రం అంత తిట్టాలా బాబాయ్?"

"నేనూ అడిగా, కాస్త మెత్తగా చెప్పొచ్చుగా అని. 'మెత్తగా చెబితే ఎందుకని అడుగుతారు, ఏం చెప్పను? తిడితే ఎందుకని అడక్కుండా మార్చుకొస్తారు' అంది."

"ఆవిడ ఇల్లెక్కడ?"

"ఏమోనమ్మా. ఆవిణ్ణి ఎవరు పలకరించారు గనక?"

ఆ తల్లి ఇంకా వెతుకుతూనే ఉంది. మీరు సరుకులు కొనేచోట నలుగురి ముందూ మిమ్మల్ని కసిరి వెనక్కి పంపే పెద్దావిడ కనిపిస్తే, ముందు చేతిలోది మార్చుకోండి, ఆ తర్వాత ఆవిడ ఎలా ఉందో, అన్నం తిన్నదో లేదో కాస్త కనుక్కోండి.