చిన్న ముక్కల జాగ్రత్త

గృహప్రవేశం రోజు పొద్దున్నే రేవతి గుమ్మానికి పెట్టే పేర్లు చెక్కలో కోస్తోంది. సన్న రంపం మిషను ఆమెది. సలహాలు మాత్రం ఆమె మొగుడు సన్నిబాబువి. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, మిషను మీద చెయ్యి వెయ్యకుండానే మేస్త్రీ అయిపోయాడు.

"పైన నా పేరు పెద్దచ్చరాలు. కింద నీది సిన్నచ్చరాలు. అందరిళ్లకీ అలాగే ఉంటాది."

"అలాగేనండీ."

"సెక్కని తొయ్యకు. మలుపు కాడ నెమ్మదిగా తిప్పు. ఒసే, సిన్నముక్కలకే జాగర్త ఎక్కువ కావాలి! సేతి యేళ్లతో పట్టుకుంటే ఎగిరిపోతాయి, అట్ట మీద టేపుతో అంటించి కొయ్యి. నున్నగా రావాలంటే సాండ్ పేపర్ని బల్లకి అంటించి, ముక్కని దాని మీద రుద్దు."

రేవతి అన్నిటికీ తలూపుతూ మిషను నడిపింది.

"సెప్పేవోడు లేకపోతే ఏటైపోదువో," అంటూ సన్నిబాబు టీకి బజారుకెళ్లాడు.

తిరిగొచ్చేసరికి రోలుగుంట నుంచి వచ్చిన చుట్టాలు గుమ్మం ముందు నిలబడి పేర్లు బిగ్గరగా చదువుతున్నారు. పైన జానెడు అక్షరాల్లో రేవతి. కింద, అగ్గిపుల్లంత అక్షరాల్లో, నున్నగా మెరుస్తూ సన్నిబాబు.

"ఇదేటే, తలకిందులు సేసేసేవు?" అన్నాడు గొంతు తగ్గించి.

రేవతి చేతికంటిన రంపపు పొట్టు దులుపుకుంది.

"సిన్నముక్కలకే జాగర్త ఎక్కువ కావాలన్నారు కదండీ. ఇన్నేళ్లలో నన్నెవరూ అంత జాగర్తగా సూసుకోలేదు, నాకలవాటు లేదు. అందుకే మీ పేరే సిన్నగా కోసేను."