రెండేళ్ల పెద్దరికం

"నాలుగు నెలలా?" అంది బుజ్జి, గోడకు అంటించిన జాబితా మీంచి వేలు తీయకుండా. "ముప్పై ఏళ్లుగా విమానంలో నిలబడి కాళ్లరగదీసుకున్నదాన్ని, నాలుగు నెలల తేడాకు వెనక్కి తోసేస్తారా?"

"నేను తొయ్యలేదు తల్లీ, నియమం తోసింది," అన్నాడు ఉద్యోగుల సంఘం కార్యదర్శి. "నువ్వు మన కంపెనీలో, ఆవిడ వాళ్ల కంపెనీలో ఒకే రోజు చేరారు. ఇప్పుడు రెండు కంపెనీలూ కలిసిపోయి జాబితా ఒక్కటే అయింది. ఒకే రోజు చేరినవాళ్లలో వయసులో పెద్దవాళ్లదే ముందు నంబరు. ఆవిడ నీకన్నా నాలుగు నెలలు పెద్ద."

రెండు వందల ఆరో నంబరు దాకా ఎయిర్‌హోస్టెస్‌లంతా ఈ ఊళ్లోనే ఉంటారు, నెల ముందే వేసిన డ్యూటీ చార్టుతో. ఆ తర్వాతి నంబర్ల వాళ్లు ఇంకో ఊరి బేస్‌కి వెళ్లాలి, అదీ రిజర్వులోకి. రిజర్వు అంటే చార్టూ గీర్టూ ఉండదు. ఇస్త్రీ చేసిన యూనిఫాం పక్కన పెట్టుకుని ఫోను వంక చూస్తూ కూర్చోవాలి. పిలిచిన గంటన్నరలో విమానాశ్రయంలో వాలాలి. బుజ్జి నంబరు రెండు వందల ఏడు.

"అభ్యంతరాలకు పది రోజులు గడువుంది," అంటూ కార్యదర్శి కొత్త నియమాల పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు. ఇటుకంత లావుంది. "మొత్తం చదువు."

"నాకు కావలసింది సీనియారిటీ పేజీ ఒక్కటే. అది కంఠతా వచ్చేసింది."

విశ్రాంతి గదిలో అవతలి కంపెనీ వాళ్లు టీ తాగుతున్నారు. ఒక్కరికీ తల నెరవలేదు. వీళ్లు రంగు ఎంత బాగా వేసుకుంటారో అని ఆ ఏడుపులోనూ బుజ్జి కాస్త కుళ్లుకుంది.

పేరుకు బుజ్జే గానీ కాగితాల్లో కిందటి నెలే యాభై మూడు నిండాయి. ఇంట్లో ఉన్నది తనూ, ఎనభై దాటిన అమ్మా. అమ్మకు చూపు దాదాపు పోయింది. అయినా ఈ మూడు గదుల్లో మాత్రం ఆవిడ మహారాణి. మంచం నుంచి స్టవ్ దాకా పదకొండు అడుగులు, స్టవ్ నుంచి కుళాయికి నాలుగు. ఇంకో ఊళ్లో, ఇంకో ఇంట్లో ఆవిడకు అన్నీ గోడలే.

ఇంటికొస్తూనే అడిగింది. "అమ్మా, నా పురిటి చీటీ ఎక్కడుంది?"

"ఏ చీటీ?"

"నటించకు. నన్ను బళ్లో వేసినప్పుడు వయసు రెండేళ్లు తగ్గించి రాయించావు కదా. అసలు పుట్టిన తేదీ ఉన్న ఆస్పత్రి చీటీ నాకు కావాలి."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఆ రెండేళ్లూ నువ్వు మంచాన పడున్నావే. లేస్తావో లేవవో తెలీదు. అవి బతికిన రోజులా, లెక్కెయ్యడానికి? అందుకే తీయించేశాను."

"ఇప్పుడు మళ్లీ వేయిద్దాం."

"నీకోసం దాచిపెట్టిన రెండేళ్లే అవి. నీ చేతులారా పారబోసుకుంటావా?"

"ఎవరైనా నన్ను ముసలిదంటారని నీ బాధ."

"నా బాధ నీకేం తెలుసు!"

"అన్నీ ఆలోచించానమ్మా. యాభై ఎనిమిదికి కదా రిటైరయ్యేది? అయిదేళ్లు చెయ్యాల్సినదాన్ని మూడేళ్లే చేస్తాను. అయితేనేం? రోజూ సాయంత్రానికి నీ దగ్గరికొస్తాను. అయిదేళ్లు ఎక్కడో కూర్చుని నీకేమైందోనని చావడం కన్నా నయం కాదూ?"

అమ్మ తడుముకుంటూ వెళ్లి ట్రంకు పెట్టె తీసింది. చీరల అడుగు నుంచి పసుపుపచ్చగా మారిన చీటీ తీసి, కూతురి చేతికివ్వకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

మర్నాడు ఆఫీసు కిటికీ ముందు బుజ్జి, తన వయసు రెండేళ్లు ఎక్కువని గుమాస్తాకు చెబుతూ చీటీ ఇస్తుంటే వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. అవతలి కంపెనీ ఆవిడే, ఆ నాలుగు నెలలు పెద్దావిడ.

"ఒక్క నిమిషం ఇలా పక్కకొస్తారా? అది ఇచ్చేముందు..."

"ఇచ్చేస్తే మీ నంబరు పోతుందనా?"

"నా నంబరు సంగతి వదిలెయ్యండి. మీరా పుస్తకం పూర్తిగా చదివారా?"

"బెదిరిస్తున్నారా?"

"అయ్యో, అది కాదండీ..."

బుజ్జి చీటీని కిటికీలోకి తోసేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆ సాయంత్రం ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ బుజ్జి కట్ చేసింది. బతిమాలించుకోవడంలోనూ కాస్త హాయి ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

పదకొండో రోజున కొత్త జాబితా అంటించారు. రెండు వందల ఆరు: బుజ్జి. రెండు వందల ఏడు: ఆవిడ. గుమాస్తా ఒక కవరు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. డ్యూటీ చార్టే అయి ఉంటుంది, ఇంట్లో అమ్మ ముందే విప్పాలనుకుని, బుజ్జి దాన్ని సంచిలో పెట్టుకుంది. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏదో అనబోయింది గానీ బుజ్జి ఆగలేదు. ఓడినవాళ్లను చూస్తే జాలేస్తుంది, జాలేస్తే గెలుపు చప్పబడుతుంది.

"అమ్మా! నేనెక్కడికీ వెళ్లడం లేదు! ఇక్కడే!" గుమ్మంలోంచే అరిచింది.

అమ్మ అడుగులు లెక్కపెట్టకుండానే గబగబా వచ్చి కూతురి మొహం తడిమింది. "నిజంగానా? నా దగ్గరే ఉంటావా?"

"నిజం. చార్టు కూడా ఇచ్చారు. చదవనా?"

"చదువు, చదువు."

బుజ్జి కవరు చింపింది. కాగితం మడత విప్పి, కళ్లజోడు సర్దుకుంది.

"ఏం రాశారే?" అంది అమ్మ.

'కొత్త నియమాల ప్రకారం యాభై అయిదేళ్లు నిండినందున, మీరు కిందటి నెలాఖరుకే రిటైరయ్యారు.'