పసుపు బండి

మలయాలో సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో ఉద్యోగుల మోటారు సైకిళ్ళన్నిటికీ నల్లరంగు వేయాలని దొర ఉత్తర్వు ఇచ్చాడు. అడవిలోని తిరుగుబాటుదార్లు బండి రంగును బట్టి మనిషిని పోల్చుకుంటున్నారట.

రెండు రోజుల్లో అన్ని బళ్ళూ నల్లబడ్డాయి, తోట ఆస్పత్రి డ్రెస్సరు రామదాసు పసుపు బండి తప్ప.

"అన్నీ ఒక్కలాగుంటే, జొరమొచ్చినోడు దారిలో ఏ బండిని ఆపుతాడే?" అన్నాడతను.

"నలుగురితో నారాయణా అనక, నీకేటి కొమ్ములున్నాయా?" అని భార్య కూర్మమ్మ పోరింది. వినకపోయేసరికి, ఆదివారం మధ్యాహ్నం అతను నిద్రపోతుండగా తనే కుంచె పట్టి నల్లరంగు వేసేసింది.

లేచి చూసి, "నీ బయం తీరినాదేటి?" అని మాత్రం అన్నాడు.

గురువారం వాగు మలుపులో, బండి మీద వస్తున్న అతన్ని కాల్చి చంపారు. "పసుపు రంగే ఉంటే ఇంకా ముందే పోయేవోడు" అని అందరూ ఓదార్చారు. కూర్మమ్మ ఆ మాట పట్టుకునే బతికింది.

దొరల జెండా దిగి మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన మరుసటి ఏడాది, అడవి వదిలి లొంగిపోయిన చీనా మనిషొకడు కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో రంబుటాన్ పళ్ళ సంచి.

"నా కాల్లో తూటా తీసింది డ్రెస్సరే" అన్నాడు మలాయి భాషలో. "తోట బళ్ళు చాలా కాల్చాం. పసుపు బండిని మాత్రం ముట్టుకోవద్దని మాకు ఆజ్ఞ. ఆయన ఉన్నారా?"

"ఆ బండికి నల్లరంగు ఏసింది నేనే" అంది కూర్మమ్మ.

అతనికి తెలుగు రాదు. నవ్వుతూ, ఆయన కోసం లోపలికి తొంగిచూశాడు.